పట్టేసిందా, పట్టి ఉంచారా? - పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసు విప్పేవారికి ఒక పాఠం

యంత్రాన్ని బిగించడం కన్నా విప్పడం కష్టం. బిగించేటప్పుడు భాగాలు శుభ్రంగా ఉండి మన మాట వింటాయి. విప్పేనాటికి వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న బురద, నీరు, తుప్పు ఉంటాయి. మన వర్క్‌షాపులో పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసు విప్పుతూ నేను నేర్చుకున్న నాలుగు మాటలు సోదర విద్యార్థుల ముందుంచుతున్నాను.

గేరుబాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ పంచే పెట్టే ట్రాన్స్‌ఫర్ కేసు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులోనూ, ఆ తర్వాత మన దేశంలో మహీంద్రా వారు తయారుచేసిన సి.జె. 3బి లోనూ ఉన్నది స్పైసర్ 18 రకం. దాని పెట్టె పోత ఇనుము. పోత ఇనుము నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది గాని, సుత్తి దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. పగిలినదాన్ని అతకడం మామూలు వెల్డరు వల్ల అయ్యే పని కాదు. చిన్న భాగం కోసం తొందరపడితే పెట్టె మొత్తం పోతుందన్నమాట.

షాఫ్టు కదలకపోతే మనం మొదట వెతికేది పెద్ద సుత్తిని. మా మేస్త్రీ మాత్రం, "ముందు దాన్ని ఎవరు పట్టుకున్నారో కనుక్కోండి బాబూ, తర్వాత కొడుదురు గాని" అనేవాడు. ఆలోచిస్తే ఆ పట్టు మూడు రకాలు.

మొదటిది, తయారుచేసినవాడు కావాలని పెట్టిన పట్టు. ఈ కేసులో మధ్య షాఫ్టు కదలకుండా వెనుక వైపు ఒక లాక్ ప్లేటు ఉంటుంది. దాని బోల్టు తీసి, ప్లేటు తొలగించాకే షాఫ్టును ముందు నుంచి వెనక్కి కొట్టాలి. గేరు మార్చే కడ్డీల సంగతీ ఇంతే. వాటిని స్ప్రింగులూ, ఉక్కు గోళీలూ నొక్కి పట్టి ఉంచుతాయి. పైగా ముందు చక్రాలకు శక్తి కలపనిదే లో గేరు పడకుండా రెండు కడ్డీల మధ్య ఇంటర్‌లాక్ ఉంది. ఇవేవీ చూడకుండా "పట్టేసింది" అనుకుని బాదితే, తుప్పు లేని చోట కూడా నష్టం మనమే చేసినవాళ్లమవుతాం.

రెండవది, బిగువైన ఫిట్. ఇక్కడ మనం ఫిజిక్సులో చదివిన వ్యాకోచం అక్కరకొస్తుంది. లోహాన్ని వేడిచేస్తే అందులోని రంధ్రం మూసుకుపోతుందని కొందరు మిత్రుల వాదన. కాదు, రంధ్రం కూడా పెరుగుతుంది. షాఫ్టు వ్యాసం 31.75 మి.మీ. అనుకుందాం. పోత ఇనుము వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000011. పెట్టెను 80 డిగ్రీల మేర వేడెక్కిస్తే రంధ్రం సుమారు 0.028 మి.మీ. పెరుగుతుంది. చూడ్డానికి వెంట్రుకంత కూడా లేదు గాని, ఫిట్టును వదిలించడానికి చాలాసార్లు ఇదే చాలు. అయితే షాఫ్టు కూడా అంతే వేడెక్కితే లాభం లేదు. పెట్టెను చుట్టూ సమంగా, త్వరగా వేడిచేసి, షాఫ్టు చల్లగా ఉండగానే ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టాలి. మంట దగ్గరకు తెచ్చేముందు ఆయిలు, కిరోసిన్ ఆనవాలు లేకుండా తుడవడం మరవకండి.

మూడవది తుప్పు. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందుల్లో చేరి మేకులా బిగుసుకునేది అందుకే. దీనికి మందు ఓపికే. మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, సన్నగా పారే నూనె వేసి, ఒక రాత్రి వదిలెయ్యాలి. మర్నాడు నట్టును ముందు కాస్త బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యాలి. అటూ ఇటూ కదిపితే తుప్పు పొర విరుగుతుంది.

స్ప్లైన్ల మీద పట్టేసిన యోకును చెవుల మీద కొట్టరాదు, పుల్లరు తగిలించాలి. ముందు కాటరు పిన్ను తీసి, నట్టును నాలుగు మరలు వదులు చేసి, అలాగే ఉంచాలి. యోకు ఒక్కసారిగా ఊడినా ఎగిరి మీద పడదు. పుల్లరును బిగించి, దాని మర తల మీద ఒక చిన్న దెబ్బ వెయ్యండి. కదలకపోతే బిగువు అలాగే ఉంచి నూనె వేసి వదలండి. అలా రాత్రంతా ఉంచిన యోకు తెల్లారేసరికి వదలడం నేను స్వయంగా చూశాను.

మరొక్క మాట. మధ్య షాఫ్టు బయటికి వస్తుంటే, దాని వెనకే గేరు పొడవున్న ఒక కర్ర కడ్డీని తోయండి. లేకపోతే గేరు లోపలి సన్నని రోలర్లన్నీ రాలిపోతాయి. కళ్లద్దాలు లేకుండా సుత్తి పట్టకండి. ఉక్కు మీద ఉక్కు కొడితే పెళ్లలు లేస్తాయి.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు ఊరికే అనలేదు. కదలని భాగం ఎదురైనప్పుడు సుత్తి పక్కన పెట్టి, "ఇది పట్టేసిందా, లేక పట్టి ఉంచారా?" అని ఒక్క నిమిషం అడగండి. పరీక్షలో ఈ ప్రశ్న రాకపోవచ్చు గాని, రేపు మనం చేరబోయే ప్రతి కార్ఖానాలోనూ ఎదురవుతుంది.