బ్రేకు వేసినప్పుడు బండి ఏల వణకును?

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్ల దూరము కలదు. 1965లో గోదావరిపై వంతెన ప్రారంభమైన పిదప ఆవలి యొడ్డున గల అటవీ గ్రామములకు ఇదియే ముఖ్యమార్గమైనది. ప్రసవవేదన పడుచున్న స్త్రీని గూడెము నుండి భద్రాచలము ఆసుపత్రికి చేర్చుటకైనను, రోగిని ఖమ్మమునకు తరలించుటకైనను, శ్రీరామనవమి యాత్రికులను కొనివచ్చుటకైనను మన గ్రామములు జీపుల మీదను, కార్ల మీదను ఆధారపడియున్నవి. అక్కర పడినప్పుడు బండిని కిరాయికి మాట్లాడువారు తరచుగా పంచాయతీ సభ్యులే. కావున ఆ బండి బ్రేకును గురించి కొన్ని సంగతులు వారు తెలిసికొనియుండుట అవసరము.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక బండి బ్రేకు తొక్కినప్పుడెల్ల స్టీరింగు చేతిలో వణకుచున్నది. పెడలు కాలి క్రింద కొట్టుకొనుచున్నది. మెకానిక్కు చూచి "డిస్కు వంగినది" అని క్రొత్త డిస్కులు వేసెను. కొన్ని వేల కిలోమీటర్ల వరకు బండి చక్కగా నడచెను. తరువాత మరల అదే వణకు! మరల డిస్కులు, మరల ఖర్చు. ధనము పోయినది గాని రోగము పోలేదు. దీనికి కారణము డిస్కుల నాసిరకమే యని యజమాని తలపోయును. పెక్కు సందర్భములలో దోషము డిస్కునందు గాక, దానిని బిగించిన చోటనే యుండును.

డిస్కు బ్రేకు పనిచేయు విధము

చక్రమును మోయుచు తిరుగు భాగమునకు హబ్బు అని పేరు. ఆ హబ్బునకు బిగింపబడి చక్రముతో పాటు తిరుగు ఇనుప పళ్లెమే డిస్కు. దానికి ఇరువైపుల రెండు ప్యాడ్లుండును. వీనిని పట్టియుంచునది కాలిపరు. పెడలు తొక్కగనే బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని కాలిపరులోని పిస్టనునకు చేర్చును. ప్యాడ్లు పట్టకారు వలె డిస్కును అదుమును. ఇట్టి బ్రేకునకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లో పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సు దేశమందలి లమాన్ పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలుపొందిన పిమ్మట దీనికి లోకమున ప్రశస్తి కలిగెను. నేటి కార్లకు ముందు చక్రములకు సాధారణముగా ఇవియే యుండును. వెనుక చక్రములకు పెక్కింట డ్రమ్ము బ్రేకులు కలవు.

వణకునకు మూలము

డిస్కు మందము చుట్టును సమముగా నున్నచో బ్రేకు నిలకడగా పట్టును. ఒకచోట దళసరిగను, మరియొకచోట పలుచగను ఉన్నచో చక్రము తిరిగిన ప్రతిసారియు ప్యాడ్లు ముందు వెనుకలకు నెట్టబడును. ఆ కుదుపు ఆయిలు గుండా పెడలునకును, ఇరుసు గుండా స్టీరింగునకును ప్రాకును. మిల్లీమీటరులో నూరింట రెండు వంతుల తేడాయే పెక్కు బండ్లలో కాలికి తెలియును. ఈ తేడా కలుగుటకు ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది హబ్బు మీది తుప్పు. పాత డిస్కును తీసి, హబ్బును శుభ్రపరుపక క్రొత్తది బిగించినచో, అచట నిలిచిన తుప్పు రేణువు వలన డిస్కు కొంచెము వాలుగా కూర్చుండును. హబ్బు కడ నున్న ఆ కొద్ది వాలు డిస్కు అంచు కడకు వచ్చునప్పటికి దాదాపు రెట్టింపగును. చక్రపు నట్లను హెచ్చుతగ్గులుగా బిగించినను ఇట్లే జరుగును. అప్పుడు డిస్కు తిరుగుచు ఇటునటు ఊగి, బ్రేకు వేయని వేళ గూడ ఒకే చోట ప్యాడునకు రాచుకొనును. వేల కిలోమీటర్ల పరుగులో ఆ చోటు అరిగి పలుచనగును. క్రొత్త డిస్కు మొదట బాగుగ నుండి పిదప వణకుటలోని రహస్యమిదియే.

రెండవది వేడి. దిగుడు దారిలో బ్రేకు విడువక తొక్కి, క్రిందికి వచ్చిన పిదప పెడలును గట్టిగ అదిమిపట్టి బండిని నిలిపినచో, కాగిన ప్యాడు పదార్థము డిస్కుపై ఒకచోట అంటుకొనును. ఆ మచ్చయే తరువాత వణకునకు కారణమగును.

మూడవది కాలిపరు బిగుసుకొనుట. పిస్టను గాని, కాలిపరు జరుగు పిన్నులు గాని దుమ్ము, తుప్పు పట్టి కదలకున్నచో ప్యాడు డిస్కును వదలదు. ఆ చక్రము తక్కిన వానికన్న ఎక్కువగా కాగును. బండి ఒక ప్రక్కకు లాగును.

పరీక్షించు క్రమము

ముందుగా డ్రైవరును మూడు ప్రశ్నలు అడుగవలెను. బ్రేకు వేయకున్నను వేగమున బండి వణకుచున్నదా? అట్లయినచో టైర్లను, చక్రముల బ్యాలెన్సును చూడవలెను. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణకుచున్నదా? అయినచో ముందు డిస్కులను అనుమానింపవలెను. స్టీరింగు నిలకడగా నుండి సీటు మాత్రము అదరుచున్నదా? అయినచో వెనుక బ్రేకులను విప్పి చూడవలెను. ఏబీఎస్ గల బండ్లలో గులక మీద గాని, తడి నేల మీద గాని గట్టిగ బ్రేకు వేసినప్పుడు పెడలు కొట్టుకొనుట సహజమే. అది రోగము కాదు.

తరువాత వర్క్‌షాపులో కొలతలు తీయింపవలెను. మైక్రోమీటరుతో డిస్కు చుట్టును ఎనిమిది చోట్ల, అంచునకు సమదూరమున మందము కొలువవలెను. డయలు గేజితో ఊగును చూడవలెను. పెక్కు కార్లకు ఈ ఊగు 0.05 మొదలు 0.10 మిల్లీమీటరు లోపల ఉండవలెను. సరియైన హద్దు ఆ బండి సర్వీసు పుస్తకములో ఉండును. ఊగు హెచ్చుగ నున్నచో డిస్కును తీసి, హబ్బు ముఖమును వైరు బ్రష్షుతో లోహము మెరయువరకు శుభ్రపరచి మరల కొలువవలెను. చక్రపు బేరింగు వదులుగా నున్నదేమో గూడ చూడవలెను. చక్రపు నట్లను ఎదురెదురు వరుసలో, టార్కు రెంచితో సమముగా బిగింపవలెను. డిస్కుపై ముద్రింపబడిన కనీస మందము కన్న పలుచనైన డిస్కును లేతు పట్టింపరాదు, మార్పింపవలసినదే.

వరదలు, ఘాటు దారులు

మన ప్రాంతమున నీరును, వాలును బ్రేకులకు ప్రత్యేక పరీక్షలు. భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరెను. 2022లో వంతెనపై రాకపోకలు నిలిపివేయబడెను. ఇట్టి దినములలో కదలక తడిలో నిలిచిన బండి డిస్కులపై, ప్యాడు క్రింద తుప్పు ముద్ర పడును. నీట మునిగిన బండిని బ్రేకులు విప్పి శుభ్రపరుపకుండ ప్రయాణమునకు తీయరాదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. డాట్ 4 రకపు క్రొత్త ఆయిలు కనీసము 230 డిగ్రీల వేడి వరకు మరుగదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 155 డిగ్రీల వరకు దిగవచ్చును. ఆయిలు మరిగి ఆవిరియైనచో పెడలు మెత్తనై లోనికి పోవును, బ్రేకు పట్టదు. అందుచేత సాధారణముగా రెండేండ్లకొకసారి దానిని మార్పింపవలెను. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు దిగువారు తక్కువ గేరులో దిగవలెను. వేగము రెట్టింపైనచో బ్రేకు మ్రింగవలసిన శక్తి నాలుగు రెట్లగును. ఎక్కిన జనము పెరిగిన కొలదియు ఆ భారము పెరుగును. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో పరిమితికి మించిన జనముతో దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఘాటు దారిన అదనపు మనిషిని ఎక్కించుకొనుటకు ముందు ఈ సంగతి స్మరింపదగినది.

సభ్యులు చేయదగినది

పంచాయతీ పనికి తరచుగా వచ్చు బండ్లకు ఒక చిన్న పుస్తకమును పెట్టుడు. బ్రేకు పని జరిగిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, డిస్కు మందము, ఊగు కొలత అందు వ్రాయింపుడు. కొలత లేకుండ "డిస్కు వంగినది" అను మాట మీదనే సొమ్ము చెల్లింపకుడు. హబ్బు శుభ్రపరుపబడినదా యని తప్పక అడుగుడు. వణకు కనబడిన బండిని త్వరలో పరీక్ష చేయింపుడు. పెడలు లోనికి జారినను, బండి ఒక ప్రక్కకు లాగినను ఆ క్షణమే నిలిపివేయుడు.

అర్ధరాత్రి గర్భిణిని ఎక్కించుకొని వాగులు దాటి వచ్చు బండికి, వేగముగా పోవుట కన్న వలసినచోట నిలుచుట ముఖ్యము. కారణమెరిగి చేయించిన మరమ్మతు గ్రామపు సొమ్మును కాపాడును. అంతకన్న మిన్నగా గ్రామస్థుల ప్రాణములను కాపాడును.