గుల్ల మండపీతకు కండ పట్టించుట

ఉప్పుటేటిలో వల వేసినప్పుడు చూపునకు పెద్దదిగానే ఉండి, చేతికి తేలికగా తగులు మండపీత మీకు దొరికియే ఉండును. బేరగాడు దాని పెంకును బొటనవ్రేలితో నొక్కి చూచి, పెదవి విరిచి, గట్టి పీత ధరలో కొద్ది భాగమే ఇచ్చి తీసికొని పోవును. దానిని ఆ పూటకే అమ్మక మూడు నాలుగు వారములు చెరువులో ఉంచి మేపినచో అది గట్టి పీతల లెక్కలోనికి వచ్చును. ఆ తేడా ఇతరుల పాలు కాకుండ మీకే దక్కవలెనన్నచో ఏమి చేయవలెనో చూడుడు.

పీత గుల్లగా ఉండుట రోగము కాదు. దాని పెంకు ఒకసారి గట్టిపడిన పిదప ఇక సాగదు. కావున పీత పెరగవలెనన్న పాత పెంకును విడిచి బయటికి రాక తప్పదు. వచ్చిన వెంటనే నీరు పీల్చుకొని ఒడలు ఉబ్బించుకొనును. క్రొత్త పెంకు ఆ కొలతకే గట్టిపడును. పెంకు గట్టిపడుటకు కొన్ని దినములు చాలును గాని, లోపలి నీరు పోయి కండ నిండుటకు వారములు పట్టును. సముద్రపుటొడ్డున ఖాళీ శంఖములో కాపురముండు సన్యాసి పీతను మీ పిల్లలు ఆటకు తెచ్చియే ఉందురు. దాని వెనుక భాగము ఎప్పటికిని మెత్తనే. పెరిగినకొలది పెద్ద శంఖము వెదకుకొని అందులో దాగును. మండపీతకు అట్టి అద్దె యిల్లు లేదు. మెత్తగా ఉన్న ఆ కొన్నాళ్లలో తోటి పీతలే దానిని తినివేయును. ఈ పనిలో నష్టము ఎక్కువగా వచ్చునది ఇక్కడనే.

అందుచేత చెరువు పెద్దది కానక్కరలేదు, కంటికి అందుబాటులో ఉన్న చాలును. పది సెంట్ల చెరువు, సుమారు మీటరు లోతు నీరు మేలు. చదరపు మీటరుకు ఒకటి చొప్పున నాలుగు వందల పీతలకు మించి వేయరాదు. ఆశపడి రెట్టింపు వేసినవారికి చివరకు మిగులునవి డెక్కలు విరిగిన పీతలే. ఒకే పరిమాణము గలవానిని ఏరి వేయుడు. పొట్టక్రింది మూత సన్నగా కోసుగా ఉన్నది మగది, వెడల్పుగా గుండ్రముగా ఉన్నది ఆడది. వీలైనచో వేరు చేయుడు. దాగుటకు పగిలిన కుండలు, గొట్టపు ముక్కలు అడుగున పరచుడు. పీత గట్టెక్కి పారిపోవును గనుక చుట్టును వెదురు దడిగాని వలగాని లోపలికి వాలునట్లు కట్టి, పై అంచున జారుడు ప్లాస్టిక్ పట్టా బిగించవలెను.

లీటరు నీటిలో 15 మొదలు 25 గ్రాముల ఉప్పు ఉన్నచో పీతకు హాయి. పోటు సమయమున తూము ద్వారా క్రొత్త నీరు పెట్టుచుండుడు. పెద్ద వాన పడిన మరునాడు ఉప్పు కొలిచి చూడక ఊరకుండరాదు.

చవక చేపలు, ఆలిచిప్పల మాంసము మంచి మేత. పీతల మొత్తము బరువులో నూటికి 5 నుండి 10 వంతులు ప్రతిదినము వేయవలెను. పీత రాత్రి తిరుగునది. కావున హెచ్చు భాగము సాయంత్రమే వేయుడు. ఆకలితో ఉన్న పీత పొరుగు పీతను వెదకుకొనును. మరునాడు మిగిలిన మేతను తీసివేయనిచో నీరు చెడును.

రొయ్యల చెరువు గలవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. 1994లో మన తీరమున రొయ్యలను తుడిచిపెట్టిన తెల్లమచ్చ తెగులు క్రిమిని పీత తాను చావకయే మోయగలదు. పీతల చెరువు నీరు రొయ్యల చెరువులోనికి పోరాదు. మడ చెట్లు కొట్టి చెరువు త్రవ్వరాదు. తీర ప్రాంతపు చెరువులకు 2005 నాటి చట్టము క్రింద నమోదు అవసరమని గ్రామాధికారులు రైతులకు తెలియజేయవలెను. పొట్టక్రింద గ్రుడ్లు మోయుచున్న పీత వలలో పడినచో ఏటిలోనే విడువుడు. వచ్చే ఏటి పీతలు వాటినుండియే రావలెను.

ఇరువదవ దినము మొదలు రెండు మూడు పీతలను పట్టి పెంకు వెనుక అంచున నొక్కి చూడుడు. లోపలికి పోనిచో, చేతికి బరువు తగిలినచో పట్టవచ్చును. పోటు నీరు లోనికి వచ్చునప్పుడు పీతలు ఆ నీటికెదురుగా తూము వద్దకు వచ్చును; అక్కడ చేతివలతో పట్టుట తేలిక. డెక్కలను వెంటనే త్రాటితో కట్టి, ఎండయు గాలియు సోకకుండ తడిగోనె కప్పి బుట్టలలో పేర్చుడు. కట్టిన పీతలను బకెట్టు నీటిలో ముంచి ఉంచరాదు. కదలని నీటిలో ప్రాణవాయువు చాలక చచ్చును.