టేకు కాయలు ఏ అడవివి?

వరి విత్తనము చెడిన ఒక పంట నష్టము. మరుసటి కారున దిద్దుకొనవచ్చును. టేకు అట్లు కాదు. కలపకు వచ్చుటకు ఇరవై, ముప్పై యేండ్లు, అంతకు మించియు పట్టును. మీ పొరపాటును మీ బిడ్డలు అనుభవింతురు. కనుక నాటకముందే కాయలు ఏ అడవివో విచారింపవలెను.

మెండుగా వానలు కురియు కేరళలోని నీలంబూరు టేకు వేరు, వాన తక్కువైన ఆదిలాబాదు టేకు వేరు. జాతి యొక్కటే అయినను, తరతరములుగా ఆయా చోట్ల నిలిచిన చెట్లు అచటి వాతావరణమునకు తగిన గుణములను పొందినవి. ఆ గుణములు విత్తనము వెంట వచ్చును.

అయితే ఒక అడవిలో చెట్లు నిటారుగా నున్నవని చూచి అది విత్తనపు గొప్పయే అనరాదు. నేల బలమును కావచ్చును. ఈ రెంటిని వేరుచేయుటకు మార్గము, పలు అడవుల విత్తనమును ఒకే నేలలో ప్రక్కప్రక్కన పెంచి చూచుటయే. ఫ్రాన్సు దేశమున విల్మోరిన్ అనునాయన 1820 దశకములో పైన్ చెట్లతో ఇట్టి పరీక్ష ఆరంభించెను. 1970 దశకములో పెక్కు దేశములు కలిసి టేకుతో చేసినవి.

పరీక్షించు విధము:

1. ప్రతి అడవిలోను దూరదూరముగా నున్న 25 చెట్లకు తగ్గకుండ కాయలు సేకరింపుడు. ఒక్క చెట్టు కాయలతో అడవి గుణము తెలియదు.

2. సంచిలో చోటు పేరు, వర్షపాతము వ్రాసిన చీటి ఉంచుడు.

3. అన్నిటిని ఒకే నారుమడిలో, ఒకే దినమున విత్తుడు.

4. పొలమును నాలుగు భాగములు చేసి, ప్రతి భాగమునను అన్ని రకములను చీట్లు వేసి వచ్చిన వరుసను నాటుడు. అప్పుడు సారవంతమైన మూల ఒక్క రకమునకే దక్కదు. చుట్టును అదనపు వరుసలు నాటి, వానిని కొలువక విడువుడు.

5. ఏటేట బ్రతికిన మొక్కలు, ఎత్తు, 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత, మాను వంకర వ్రాయుడు. తొలిపూత వచ్చిన యేడును మరువకుడు. టేకు కొమ్మ చివరనే పూయును; పూసినచోట మాను చీలును. పెందలకడ పూసిన చెట్టున నిడుపాటి దూలము దొరకదు.

మొదటి రెండేండ్ల పెరుగుదల చూచి తీర్పు చెప్పకుడు. ముందు పరుగెత్తిన రకము కరవు వచ్చిన యేట వెనుకబడవచ్చును.

గ్రామాధికారులకు ఒక మనవి. గుర్తుకొయ్యలు చెదలపాలగును, అధికారులు బదిలీ యగుదురు. ఏ వరుస ఏ అడవిదో తెలుపు పటమును దస్త్రములో భద్రపరుపుడు. అది పోయిన, ముప్పై యేండ్ల శ్రమయు వట్టి కట్టెలుగా మిగులును.