సాలులో రాయి, గెట్టు మీద రాయి

మా తాతది మర్రిగూడ దిక్కు. మెడ తిరిగేది కాదు. ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. అడిగితే "బోరు నీళ్లు బిడ్డా" అనేవాడు, అంతే.

ఆ నీళ్లలో ఏముందో నల్లగొండోళ్లకు చెప్పే పనిలేదు. ఎముకలో హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటికం ఉంటుంది. అందులో హైడ్రాక్సిల్ సీట్లో ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. రెండింటి చార్జి ఒకటే, సైజు కూడా ఇంచుమించు ఒకటే. (తాత మెడకు ఇదొక్కటే కారణం కాదు. కీళ్ల దగ్గర లిగమెంట్లు కూడా గట్టిపడతాయి.) ఇట్లా ఒకదాని జాగలో ఇంకొకటి చేరడమే ప్రతిస్థాపన.

అదే ఫ్లోరిన్ జపాన్‌లో ఇంకో పని చేసింది. 2008లో హొసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన స్ఫటికంలో కొంత ఆక్సిజన్ బదులు ఫ్లోరిన్ పెట్టింది. అంతదాకా మామూలుగా ఉన్న పదార్థం 26 కెల్విన్ దగ్గర అతివాహకం అయింది, అంటే కరెంటుకు నిరోధం సున్నా.

పరాయి పరమాణువు దూరితే స్ఫటికం వరుస చెడాలి కదా? చెడుతుంది. ఎక్కడ చెడింది అన్నదే అసలు సంగతి. ఈ స్ఫటికం పొరలు పొరలుగా ఉంటుంది. కరెంటు నడిచేది ఇనుము-ఆర్సెనిక్ పొరలో, ఫ్లోరిన్ కూర్చున్నది పక్క పొరలో. అక్కడి నుంచే ఈ పొరకు అదనంగా ఎలక్ట్రాన్ అందిస్తుంది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా కదులుతాయి. కాడికి కట్టిన జోడెడ్లు అనుకోండి. రాయి గెట్టు మీద ఉంటే నాగలికి పెద్దగా ఇబ్బంది లేదు. సాలులో ఉంటే ఎడ్లు ఆగిపోతాయి.

సాలులో రాయికి ఉదాహరణ 1987 నాటి ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్. దీని హద్దు 93 కెల్విన్ దాకా ఉంటుంది. ఇట్రియం తీసేసి గడోలినియం పెట్టండి, అది అయస్కాంత గుణం ఉన్నదే అయినా హద్దు దాదాపు కదలదు. రాగి జాగలో జింక్ నూటికి రెండు మూడు పాళ్లు పెట్టండి, పదుల కెల్విన్లు పడిపోతుంది! జింక్‌కు అయస్కాంత గుణమే లేదు. అట్లాంటి మలినం అతివాహకాన్ని పెద్దగా చెడగొట్టదని 1959లో ఆండర్సన్ చూపించాడు. మరి ఇక్కడెందుకు తప్పింది? ఆయన లెక్క పాత లోహాలకు, అన్ని దిక్కులా ఒకే గుర్తు ఉండే జంటలకు. రాగి ఆక్సైడ్లలో జంట తరంగానికి ఒక దిక్కున ప్లస్, అడ్డ దిక్కున మైనస్. జింక్‌కు తగిలిన ఎలక్ట్రాన్ దిక్కు మారుతుంది, ప్లస్సూ మైనస్సూ కలిసి కొట్టుకుపోతాయి.

అట్లని గెట్టు మీది రాళ్లు పూర్తిగా అమాయకమైనవి కూడా కావు. 1998లో అట్‌ఫీల్డ్ బృందం లాంథనం రాగి ఆక్సైడ్‌లో లాంథనం జాగలో రకరకాల సైజుల అయాన్లు కలిపి చూసింది. డోపింగ్ మార్చలేదు, సగటు సైజు మార్చలేదు. సైజుల తేడా పెరిగిన కొద్దీ హద్దు మాత్రం దిగుతూ వచ్చింది.