పరాయి ముంగిట సైనికుడు



యుద్ధకాలంలో సైనికుడు కందకంలో ఉన్నంతసేపు మాత్రమే సైనికుడు అనుకోకూడదు. వెనక ఊళ్ళలో, పరాయివాళ్ళ పొలాల్లో బస చేసినప్పుడు కూడా సైనికుడే. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళిన భారత సైనికుల జీవితం ఇందుకు మంచి పాఠం.

లాహోర్ డివిజన్ 1914 సెప్టెంబరు చివర్లో మార్సేయ్ రేవులో దిగింది. మీరట్ డివిజన్ తర్వాత వచ్చి చేరింది. కాల్బలం 1915 చివర మెసొపొటేమియాకు తరలిపోయింది. అశ్వదళం 1918 తొలి నెలల వరకు ఫ్రాన్సులోనే ఉంది. ఈ సైనికుల్లో ఎక్కువమంది పంజాబు, గఢ్వాల్, నేపాల్ ప్రాంతాల రైతుబిడ్డలు.

బస ఏర్పాటుకు దళం కంటే ముందు ఒక అధికారి ఊరికి వెళ్ళి, ఊరి మేయరుతో మాట్లాడి, ఏ ఇంట్లో ఎందరో తలుపు మీద సుద్దతో రాసేవాడు. అధికారులకు ఇంట్లో గది, సిపాయిలకు గడ్డికొట్టంలో ఎండుగడ్డి పరుపు. రౌతులకు తెల్లవారకముందే పని మొదలు: గుర్రాలకు నీళ్ళు, మాలీసు, దాణా. ఆ తర్వాత కవాతు, తుపాకి శుభ్రం చేసుకోవడం, కందకాలు తవ్వడం. పిండి, పప్పు, నెయ్యి, బెల్లం రేషనుగా వచ్చేవి. వంటలు ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళకు వేరుగా జరిగేవి.

ఆ ఫ్రెంచి ఊళ్ళలో మగవాళ్ళు యుద్ధానికి పోగా సేద్యమంతా ఆడవాళ్ళే చూసేవారు. దున్నడం, పాలు పితకడం, వెన్న తీయడం అన్నీ వాళ్ళవే. అది చూసిన కొందరు భారత సైనికులు, ఆడపిల్లలను చదివించమని ఇళ్ళకు ఉత్తరాలు రాశారు. ఉత్తరాలను సెన్సారు చదివేవాడు గనుక కొందరు మరుగుమాటలు వాడారు. నల్లమిరియాలంటే భారత సైనికులు, ఎర్రమిరియాలంటే తెల్లవాళ్ళు. ఆ ఉత్తరాలు చదివేటప్పుడు రాసిన మాటతోపాటు దాచిన మాటనూ వెతకాలి.

బసలో పాటించవలసిన నియమాలు కొన్నే. కొట్టంలో నిప్పు వెలిగించకూడదు. ఒక్క రవ్వ చాలు, ఏడాది మేత బూడిదవుతుంది. గుర్రాన్ని పండ్లచెట్టుకు కట్టకూడదు. బెరడు కొరికితే చెట్టు ఎండిపోతుంది. ఇంటివాళ్ళు నీళ్ళు తోడుకున్నాకే సైనికుడు తోడుకోవాలి. అడగకుండా కోడిగుడ్డయినా తీసుకోకూడదు. తీరిక దొరికితే పొలంలో ఓ చెయ్యి వేయాలి.

1916 జనవరిలో ఒక పంజాబీ సైనికుడు రాసిన ఉత్తరం ఉంది. అతను ఉన్న ఇంట్లో ఒక్క ముసలమ్మే ఉండేది. ముగ్గురు కొడుకుల్లో ఒకడు చనిపోయాడు, ఒకడు ఆసుపత్రిలో, ఒకడు కందకంలో. మూడు నెలలు అతని బట్టలు ఉతికింది, పక్క సర్దింది, బూట్లు తుడిచింది. రోజూ పొద్దున్నే రొట్టె, వెన్న, పాలు, కాఫీ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. కొడుకు పోయినందుకు ఆమె ఏడవగా అతను చూడలేదు. దళం కదిలిన రోజున మాత్రం అతని భుజం మీద తల వాల్చి ఏడ్చింది, దారిఖర్చుకు అయిదు ఫ్రాంకుల నోటు చేతిలో పెట్టింది. పరాయి ఇంట బస చేసే సైనికుడు ఆ తల్లిని గుర్తుంచుకుని మసలాలి.