ముందు పెళ్లి కాగితం చూపించండి

ప్లీడరు గుమాస్తాగా ముప్పై ఎనిమిదేళ్లు విశాఖ కోర్టు వరండాల్లో తిరిగాను. లా చదివినవాణ్ణి కాను, చదివినవాళ్ల వెనక ఫైళ్లు మోసినవాణ్ణి. మతాంతర వివాహం చేసుకున్నవాళ్లు విడిపోతామని వస్తే అందరూ అడిగేది ఒక్కటే: "మాకు ఏ చట్టం వర్తిస్తుందండీ?" మా ప్లీడరు గారూ ఒక్కటే అనేవారు: "ముందు పెళ్లి కాగితం చూపించండి." ఆ మాట దగ్గర నేను నేర్చుకున్న పాఠాలివి.

1. విడాకుల చట్టం పెళ్లినాడే ఖాయమవుతుంది. ఇద్దరివీ వేరు వేరు మతాలైనా 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లయితే విడాకులూ ఆ చట్టం కిందే. 27వ సెక్షన్‌లో కారణాలున్నాయి, 28లో పరస్పర అంగీకారం ఉంది. భర్త మతం చట్టమా, భార్య మతం చట్టమా అన్న గొడవే రాదు.

2. గుడిలో తాళి కట్టినంత మాత్రాన హిందూ వివాహం కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే పనికొస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. క్రైస్తవ యువకుడు, హిందూ యువతి గుడిలో పెళ్లి చేసుకుని ఈ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్నారు. మా విశాఖ ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఆ కేసు 2008లో సుప్రీంకోర్టులో తేలింది: ఆ పెళ్లే చెల్లదు. లేని పెళ్లికి విడాకులేమిటి?

3. నెల రోజులకు తొందరపడకూడదు. స్పెషల్ మ్యారేజ్‌కి నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. "గుడిలో అయితే ఒక్క పూటలో అయిపోతుందిరా" అని మా మేనల్లుడికి సలహా ఇచ్చిన మహానుభావుణ్ణి నేనే. అమ్మాయి క్రైస్తవురాలు. మూడేళ్ల తర్వాత ఏదో పని మీద వాళ్ల సర్టిఫికెట్ చేతికొచ్చింది. లామినేషన్ చేయించి, దేవుడి గదిలో పెట్టుకున్నారు. పై వరసలో "హిందూ వివాహ చట్టం" అని చూడగానే నా నోట మాట రాలేదు.

4. దిద్దుకునే దారి ఉంది. వేరే పద్ధతిలో పెళ్లి చేసుకుని కాపురం చేస్తున్నవాళ్లు స్పెషల్ మ్యారేజ్ చట్టం 15వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవచ్చు. మళ్లీ నోటీసు, మళ్లీ 30 రోజులు. మా మేనల్లుడి చేత ఆ పనే చేయించాను.

5. చర్చి పెళ్లి లెక్క వేరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. 1869 నాటి విడాకుల చట్టానికీ అంతే. అందులోకి పరస్పర అంగీకారం 2001 సవరణతో వచ్చింది.

6. మతం మారితే పాత పెళ్లి రద్దయిపోదు. హిందూ దంపతుల్లో ఒకరు మతం మారితే, మారని మనిషికి విడాకులు అడిగే హక్కు వస్తుంది, మారినవారికి రాదు. ఇస్లాంలోకి మారి రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదని, నేరమనీ 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఇద్దరూ ముస్లింలై నిఖా చేసుకుంటే ముస్లిం చట్టమే. భార్య కోర్టుకెళ్లాలంటే 1939 నాటి చట్టం ఉంది. ఒక్కసారిగా మూడు తలాక్‌లు చెప్పడం మాత్రం 2017 నుంచి చెల్లదు, 2019 నుంచి నేరం.

7. అమెరికా డిక్రీని నమ్ముకుని ఇక్కడ మళ్లీ పెళ్లిపీటలెక్కకండి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన మిస్సోరీలో విడాకులు తెచ్చుకుంటే, 1991లో సుప్రీంకోర్టు వాటిని ఒప్పుకోలేదు. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణమే ఉండాలన్నది. వాళ్లది ఒకే మతం. మతాలు వేరైనా సూత్రం మారదు.

మా మేనల్లుడి సంసారం చల్లగా ఉంది, వాళ్లకు విడాకుల అవసరం రాలేదు. అయినా ఆ కొత్త సర్టిఫికెట్ వచ్చిన రాత్రే నాకు నిద్రపట్టింది. మీదీ మతాంతర వివాహమైతే, మనస్పర్థలు వచ్చేదాకా ఆగకండి. బీరువా తెరిచి పెళ్లి కాగితం తీయండి. ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు, ముందు పైన ఏ చట్టం పేరుందో చదవండి.