నందివెలుగు నుంచి ఒక్కరోజు యాత్ర: పరీక్షకు పనికొచ్చే చరిత్ర

గుంటూరు జిల్లా తెనాలి మండలంలోని నందివెలుగు నుంచి పొద్దున్నే బయలుదేరితే తెనాలి మీదుగా భట్టిప్రోలు చేరొచ్చు. తెనాలి–రేపల్లె రైలు మార్గంలో అదో స్టేషన్. పరీక్షల దృష్టితో చూస్తే ఈ దారిలో అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. మూడు రాతి ధాతు కరండాలు బయటపడ్డాయి. లోపల స్ఫటిక పేటిక, బంగారు పూలు కూడా దొరికాయి. కరండాలపై ఉన్న శాసనాలను చదివినవాడు బ్యూలర్. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీలో ప్రత్యేక రూపం. ఇందులో ‘మ’ అక్షరం తలకిందులుగా ఉంటుంది! శాసనంలో కనిపించే రాజు కుబేరకుడు. తవ్వించినవాడినీ చదివినవాడినీ అభ్యర్థులు తారుమారు చేస్తుంటారు, జాగ్రత్త.

తర్వాత చందోలు: వెలనాటి చోడుల రాజధాని, లింగోద్భవేశ్వరాలయం. సాయంత్రానికి బాపట్ల భావనారాయణస్వామి గుడి, ఓపికుంటే సూర్యలంక తీరం.

పాత పుస్తకాల్లో భట్టిప్రోలు గుంటూరు జిల్లాలో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది బాపట్ల జిల్లా. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉంది.